నూనె బావుల మురుగు నీళ్లు, మన బోర్లు: ఉలవపాడు రైతుకు నా జవాబు

చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది ఉలవపాడు మండలం. సముద్రానికి దగ్గరలో ఇసుక నేల, అందులో మామిడి తోట, అరవై అడుగుల బోరు. రామాయపట్నం దగ్గర భారత్ పెట్రోలియం వాళ్ల రిఫైనరీ వస్తుందంటున్నారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మీ బంధువు ఒకరు "నూనె బావుల దగ్గర మురుగు నీళ్లను భూమిలోకి ఎక్కిస్తారు, దాంతో చుట్టుపక్కల బావులు పాడైపోతాయి" అని చెప్పాడు. మన బోర్లకూ అదే గతి పడుతుందా, ఇప్పుడే ఏమైనా చేసుకోవాలా, ముందు జాగ్రత్తగా బోరు ఇంకా లోతుకు దించితే మంచిదా అని అడిగారు.

నేను కావలి వైపువాణ్ణి. గోదావరి జిల్లాల్లోని నూనె, గ్యాస్ క్షేత్రాల్లోనూ, తర్వాత ఒమన్‌లోనూ చాలా ఏళ్లు ఈ నీళ్ల పనే చేశాను. అంటే నూనెతో పాటు పైకి వచ్చే నీటిని వేరుచేసి, శుభ్రం చేసి, ఎక్కడికో ఒకచోటికి పంపించే పని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ బంధువు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆయన చెప్పింది నూనె తీసే బావుల సంగతి, మీ దగ్గరికి వస్తున్నది నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ. రెండింటి మురుగు ఒకటి కాదు. మన జిల్లాలో నేల మీద నూనె తీసే బావులు లేవు. కాబట్టి ఆయన చెప్పినది అచ్చంగా అలాగే మీ ఊళ్లో జరగదు. అలాగని నిశ్చింతగా కూర్చోమని కూడా చెప్పను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ నీళ్లేమిటో చెప్పాలి.

నూనె బావి నుంచి వట్టి నూనే రాదు. కోట్ల ఏళ్ల కిందట సముద్రాలు, సముద్రపు అంచులు ఉన్న చోట పేరుకున్న మట్టి రాయిగా మారేటప్పుడు, అప్పటి ఉప్పు నీరు కూడా ఆ రాతి రంధ్రాల్లో చిక్కుకుపోయింది. నూనె ఉన్నది కూడా ఆ రంధ్రాల్లోనే. బావి తవ్వితే రెండూ కలిసి వస్తాయి. పరిశ్రమలో దీన్ని ప్రొడ్యూస్డ్ వాటర్ అంటారు. బావి కొత్తగా ఉన్నప్పుడు నీళ్లు తక్కువ వస్తాయి, బావి ముసలిదయ్యేకొద్దీ పెరుగుతాయి. ప్రపంచం మొత్తం మీద సగటున ఒక పీపా నూనెకు మూడు పీపాల దాకా నీళ్లు వస్తాయని చెబుతారు. పీపా అంటే 159 లీటర్లు. నూనె కంపెనీ అని పేరే గానీ, బరువు లెక్కన చూస్తే చాలా పాత క్షేత్రాలు నూనె కంటే నీళ్లే ఎక్కువ మోస్తాయి.

ఆ నీటిలో ఏముంటుంది? సముద్రపు నీటిలో లీటరుకు 35,000 మిల్లీగ్రాముల ఉప్పులు ఉంటాయి. నూనె బావి నీటిలో కొన్నిచోట్ల లీటరుకు కొన్ని వేల మిల్లీగ్రాములే ఉంటాయి, కొన్నిచోట్ల మూడు లక్షలు దాటుతాయి. ఉప్పుతో పాటు బేరియం, స్ట్రాన్షియం, బోరాన్, అమ్మోనియా, కొంచెం నూనె, బెంజీన్ లాంటి ఆవిరయ్యే రసాయనాలు, కొన్ని క్షేత్రాల్లో రేడియం కూడా ఉంటాయి. గొట్టాల లోపల పేరుకునే గట్టి పొలుసుల్లో ఈ రేడియం చేరుతుంది. అందుకే పాత గొట్టాలను తుక్కు కింద అమ్మే ముందు రేడియేషన్ కొలవాలి.

జనం భయపడేది నీటి మీద తేలే నూనెకు. అది కంటికి కనిపిస్తుంది, వాసన వస్తుంది. కానీ నూనెను నేలలోని సూక్ష్మజీవులు తింటాయి. నెమ్మదిగానైనా అది తగ్గుతుంది. ఉప్పును తినే జీవి ఏదీ లేదు. ఒమన్‌లో నిమ్ర్ అనే నూనె క్షేత్రం దగ్గర ఎడారిలో మన కిక్కిస లాంటి రెల్లు గడ్డిని కిలోమీటర్ల కొద్దీ పెంచి, నూనె నీటిని దాని గుండా పారిస్తారు. రోజుకు లక్ష ఘనపు మీటర్లకు పైగా నీరు అలా వెళుతుంది. చూస్తే కళ్లు చెదిరే ఏర్పాటు. గడ్డి వేళ్ల దగ్గరి బ్యాక్టీరియా నూనెను దాదాపు పూర్తిగా తినేస్తుంది. ఉప్పు మాత్రం అలాగే మిగిలిపోతుంది, చివరికి పెద్ద పెద్ద మడుగుల్లో నీటిని ఎండబెట్టాల్సిందే. మనుషులు లేని ఎడారి కాబట్టి అక్కడ కుదిరింది.

ఒక లెక్క చూడండి. పది వేల లీటర్ల ట్యాంకర్‌లో లీటరుకు 60,000 మిల్లీగ్రాముల ఉప్పున్న నీళ్లు ఉన్నాయనుకుందాం. అంటే ఆ ట్యాంకర్‌లో 600 కిలోల ఉప్పు ఉంది. దాన్ని తాగే నీటికి మంచిదని చెప్పే 500 టీడీఎస్‌కు (లీటరు నీటిలో కరిగి ఉన్న మొత్తం ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) దించాలంటే, అసలు ఉప్పే లేని నీళ్లు పోసినా 120 రెట్లు పలచన చేయాలి. ఒక్క ట్యాంకర్ పన్నెండు లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదు. రాత్రిపూట ఎవరో డ్రైవర్ వాగులో ఒక్క ట్యాంకర్ వదిలేసి పోతే ఏమవుతుందని అడిగేవాళ్లకు నేను చెప్పే లెక్క ఇదే.

ఇక భూమిలోకి ఎక్కించే సంగతి. సరిగ్గా చేస్తే ఇది చెడ్డ పద్ధతి కాదు, ఉన్నవాటిలో మంచిదే. లోతు నుంచి వచ్చిన నీటిని తిరిగి లోతుకే పంపిస్తారు. మన దేశంలో పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం, వాడటం మానేసిన బావిలోకి ఈ నీళ్లు పంపితే నేల మట్టానికి 1,000 మీటర్ల కంటే లోతుకే పంపాలి. అందులో నూనె లీటరుకు 10 మిల్లీగ్రాములు, తేలే మడ్డి 100 మిల్లీగ్రాములు మించకూడదు. నేల మీద వదిలితే ఇంకా గట్టి నిబంధనలు ఉన్నాయి: మొత్తం ఉప్పులు 2,100, క్లోరైడ్ 600, నూనె 10 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మీ బోరులో అరవై అడుగుల కింద ఉన్న నీటికీ, కిలోమీటరు కింద ఉన్న నీటికీ మధ్య దళసరి బంకమట్టి పొరలు ఉంటాయి. బావి చుట్టూ కేసింగ్ పైపు, దాని చుట్టూ సిమెంటు, లోపల ఇంకో గొట్టం ఉంటాయి. ఇన్ని అడ్డాలు దాటి నీళ్లు పైకి రావడం కష్టం.

మరి ఎక్కడ తప్పు జరుగుతుంది? పాత బావులకు సిమెంటు సరిగా వేయకపోతే, కేసింగ్ తుప్పు పట్టి చిల్లు పడితే, అవసరానికి మించిన ఒత్తిడితో ఎక్కిస్తే. అమెరికాలోని ఓక్లహోమాలో ఇలా భూమిలోకి ఎక్కించిన నీళ్ల వల్ల భూకంపాలే వచ్చాయి. 2016లో పానీ అనే ఊరి దగ్గర వచ్చినది 5.8 తీవ్రత. కానీ నా అనుభవంలో ఎక్కువ ప్రమాదాలు భూమి లోపల జరగవు, పైనే జరుగుతాయి. గొట్టం కారడం, ట్యాంకు పొర్లడం, వానకు మడుగు కట్ట తెగడం, ట్యాంకర్ దొంగతనంగా వదలడం. అమెరికాలోనే ఉత్తర డకోటాలో 2014 ఆగస్టు నుంచి 2015 జనవరి దాకా దాదాపు ఐదు నెలలు ఒక ఉప్పునీటి పైపులైన్ కారుతూనే ఉంది. వాగులోకి, అక్కడి నుంచి నదిలోకి పోయిన నీళ్లు సుమారు 11 కోట్ల లీటర్లు. ఐదు నెలలు! అంత టెక్నాలజీ ఉన్న దేశంలో. పక్కనే ఉన్న మోంటానా రాష్ట్రంలో పాప్లర్ అనే ఊరి దగ్గర 1950ల్లో నూనె తీయడం మొదలైంది. ఆ క్షేత్రపు ఉప్పునీరు భూగర్భంలో కలిసి, దశాబ్దాల తర్వాత కూడా అక్కడి జనం బావులను పట్టి పీడించింది. నూనె తీయడం తగ్గిపోయింది గానీ ఉప్పు మాత్రం పోలేదు.

ఇప్పుడు మీ ఊరి సంగతి. రిఫైనరీకి వచ్చే ముడి చమురులో కూడా కొంత ఉప్పునీరు మిగిలి ఉంటుంది. దాన్ని ముందుగా మంచినీటితో కడుగుతారు, ఆ యంత్రాన్ని డీసాల్టర్ అంటారు. ఆ కడిగిన నీళ్లు, గంధకం, అమ్మోనియా కలిసిన నీళ్లు, కూలింగ్ టవర్ల నుంచి వదిలే నీళ్లు, ట్యాంకుల అడుగున చేరిన నీళ్లు, ఇవే రిఫైనరీ మురుగు. వీటికి 2008లో కేంద్రం వేరే ప్రమాణాలు ఇచ్చింది. నూనె 5, ఫినాల్ 0.35, సల్ఫైడ్ 0.5, బెంజీన్ 0.1 మిల్లీగ్రాములు మించకూడదు. నూనె క్షేత్రాల కంటే నూనె విషయంలో ఇది గట్టి నిబంధనే. కానీ ఆ జాబితాలో మొత్తం ఉప్పులకు పరిమితి లేదు. కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీకి ఇచ్చే అనుమతి పత్రంలో అదనంగా షరతు పెట్టవచ్చు. అది పెట్టించడమే మీ ఊరు అడగాల్సిన మొదటి విషయం అని నా అభిప్రాయం. శుద్ధి చేసిన నీళ్లను ఎక్కడ వదులుతారు, సముద్రంలోనైతే ఎంత దూరంలో, నేల మీదైతే ఏ టీడీఎస్‌తో అని అడగండి. "జీరో డిశ్చార్జ్" (మురుగు నీళ్లు బయటికే వదలం) అని జవాబు వస్తే అక్కడితో ఆగకండి. నీటిని ఎండబెట్టాక మిగిలే ఉప్పు గుట్ట ఎక్కడికి పోతుందో కూడా అడగండి.

ఇంకో మాట కూడా గట్టిగా అడగాలి: భూగర్భ జలం ఒక్క చుక్క కూడా తోడకూడదు. మన తీరంలో ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద పాల మీద మీగడలా తేలుతుంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు పైన ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల మంచినీరు ఉంటుందని భూగర్భ జల శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. పైమట్టం ఒక అడుగు తగ్గితే కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి లేస్తుంది. మన పెద్దవాళ్లు ఇసుకలో దొరువులు తవ్వి పైపైన ఉన్న నీళ్లు చేదుకునేవాళ్లు. వాళ్లకు ఈ లెక్క తెలియకపోవచ్చు, కానీ వాళ్లు చేసింది సరైన పని. పెద్ద మోటార్లు పెట్టి తోడటం మొదలయ్యాకే తీరంలో ఉప్పు బాధ పెరిగింది. మురుగు ఒక్క చుక్క కారకపోయినా, ఎవరైనా ఎడాపెడా తోడితే చాలు మీ బోరు ఉప్పవుతుంది.

ఇక్కడే మీకు అసలు చిక్కు వస్తుంది. మన తీరంలో నీళ్లు ఉప్పవడానికి కారణాలు ముందే చాలా ఉన్నాయి. సముద్రపు నీరు లోపలికి రావడం ఒకటి. రొయ్యల గుంటలు ఇంకొకటి. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా గుంటలు తవ్వినప్పుడు మంచినీటి బావులు చెడిపోయాయని ఊళ్లు ఎంత గొడవ పడ్డాయో మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. ఇసకపల్లి లాంటి చోట్ల ఉప్పు కొఠార్లు కూడా ఉన్నాయి. రేపు మీ బోరు ఉప్పయి, మీరు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడితే వాళ్లు చెప్పే మొదటి మాట: "మీ నీళ్లు ముందు నుంచీ ఇంతే, రొయ్యల గుంటల వల్లే." కాదని చూపించడానికి మీ దగ్గర ఏముంది? ఫ్యాక్టరీ రాకముందు తీసిన అంకెలు లేకపోతే ఏమీ లేదు. అందుకే ఇప్పుడే పరీక్ష చేయించండి అంటున్నాను. శంకుస్థాపన తర్వాత కాదు, మట్టి పని మొదలయ్యాక కాదు.

టీడీఎస్ ఒక్కటే చూపించే పెన్ను మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఊళ్లో ఒకటి ఉంచుకుని నెలకోసారి రాసిపెట్టుకోండి, మంచిదే. కానీ దానికి నూనె, బెంజీన్ కనిపించవు. ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అది చెప్పదు. ఉప్పు ఊరు చెప్పాలంటే ల్యాబ్‌కు వెళ్లాలి. సముద్రపు నీటిలో క్లోరైడ్ ఏడు పాళ్లు ఉంటే సల్ఫేట్ ఒక పాలు ఉంటుంది, బేరియం దాదాపు ఉండదు. నూనె బావి నీటిలో చాలాసార్లు దీనికి తిరగబడి ఉంటుంది. సల్ఫేట్ దాదాపు సున్నా, బేరియం, స్ట్రాన్షియం ఎక్కువ. బేరియం, సల్ఫేట్ ఒకేచోట ఎక్కువగా ఉండలేవు, కలిస్తే గట్టి పొడిగా అడుక్కి దిగిపోతాయి. ఉప్పుటేటి నల్ల బురదలో సల్ఫేట్ సహజంగానే తగ్గిపోతుంది కాబట్టి సల్ఫేట్ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. బేరియం, బ్రోమైడ్, బోరాన్ కలిపి చూడాలి.

మీ పరీక్షల జాబితా ఇలా ఉండాలి. పీహెచ్, టీడీఎస్, క్లోరైడ్, సల్ఫేట్, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, ఫ్లోరైడ్, నైట్రేట్ మామూలువి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఇందులో చాలావరకు చేస్తారు. బేరియం, స్ట్రాన్షియం, బోరాన్, బ్రోమైడ్, ఫినాల్, నూనె, బెంజీన్, టాలూయిన్ మాత్రం ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకే ఇవ్వాలి. ఖర్చు ఎక్కువే. ప్రతి బోరుకూ చేయించక్కర్లేదు. ఊళ్లో నాలుగు దిక్కుల్లో ఒక్కో బావి, ఫ్యాక్టరీ స్థలానికి పల్లం వైపున ఇంకో రెండు ఎంచుకుని, పంచాయతీ నుంచో చందాలతోనో చేయించండి. తాగే నీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో బేరియం 0.7, క్లోరైడ్ 250 మిల్లీగ్రాములు మంచి హద్దు. వేరే నీటి వనరు లేకపోతే క్లోరైడ్ 1,000 దాకా ఒప్పుకుంటారు.

శాంపిల్ తీయడంలోనే చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. బోరు మోటారు వేసి కాసేపు నీళ్లు వదిలేయండి, గొట్టంలో నిలవున్న నీళ్లు పోయి కొత్త నీళ్లు రావాలి. నూనె పరీక్షకు గాజు సీసా వాడండి, దాన్ని ఆ నీళ్లతో ముందుగా కడగకండి, నూనె గోడలకు అంటుకుంటుంది. బెంజీన్‌కు ల్యాబు వాళ్లిచ్చే చిన్న సీసాను గాలి బుడగ లేకుండా నిండా నింపి, ఐస్‌లో పెట్టి పంపాలి. ప్లాస్టిక్ వాటర్ బాటిల్‌లో బెంజీన్ శాంపిల్ పట్టుకెళ్లి "ఏమీ లేదని వచ్చింది" అని సంతోషపడినవాళ్లను చూశాను. అది ఆవిరైపోయింది, అంతే. ఏడాదికి రెండుసార్లు తీయండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి మే నెలాఖరులో ఒకసారి, జనవరిలో ఒకసారి. తీసేటప్పుడు పంచాయతీ కార్యదర్శిని పక్కన ఉంచుకోండి. తేదీ, బావి పేరు రాసిన చీటీ కనిపించేలా ఫోటో తీయండి, గ్రామసభ తీర్మానంలో ఆ రిపోర్టులు చేర్చండి. ల్యాబు కాగితానికి అప్పుడు బలం వస్తుంది.

నీటి మీద రంగురంగుల తెట్టు కనిపిస్తే వెంటనే టెన్షన్ పడొద్దు. పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగి ముక్కలైతే అది ఇనుము, బ్యాక్టీరియా తెట్టు, మన నేలల్లో మామూలే. కదిపాక మళ్లీ కలిసిపోయి వాసన వస్తే అది నూనె.

కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం రిఫైనరీకి మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. దాని ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ఆ నివేదికలో చుట్టుపక్కల ఏయే బావుల నీళ్లు పరీక్షించారో పట్టిక ఉంటుంది. మీ ఊరి బావి అందులో లేకపోతే చేర్చమని రాతపూర్వకంగా ఇవ్వండి. సభలో అరిచిన మాట మినిట్స్‌లో ఎలా రాస్తారో మన చేతిలో లేదు, రాసి ఇచ్చిన కాగితానికి రసీదు ఉంటుంది. అనుమతి వచ్చాక కూడా కంపెనీ ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. ఒక చదువుకున్న కుర్రాడికి ఆ పని అప్పగించండి, వచ్చిన ప్రతిదాన్నీ డౌన్‌లోడ్ చేసి దాచమనండి. మురుగు మడుగుల కట్టలు ఎంత ఎత్తున కడతారు, 2015 నవంబరు నాటి వానల లాంటివి వస్తే పొర్లవా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. తుపాను తీరంలో అది చిన్న విషయం కాదు.

మామిడి గురించి ఒక మాట. అది ఉప్పును తట్టుకోలేని చెట్టు. నీళ్లలో ఉప్పు పెరిగితే ముదురాకుల కొసలు ఎండి గోధుమ రంగుకు తిరుగుతాయి, మీటర్ లేకపోయినా చెట్టు చెబుతుంది. అలాంటి ఆకులు కనిపిస్తే ఎరువు మార్చే ముందు నీళ్లు కొలవండి. రుచిలో తేడా తెలిసేదాకా ఆగకండి.

చివరిగా, బోరు లోతుకు దించాలా అన్న ప్రశ్న. వద్దు. మీ తోటలో కిందికి పోయేకొద్దీ ఉప్పు దగ్గరవుతుంది, మంచినీరు కాదు. అరవై అడుగులను నూట ఇరవై చేస్తే మీరే ఆ ఉప్పునీటిని పైకి లాక్కున్నవాళ్లవుతారు, పక్కవాళ్ల బోర్లకు కూడా చేటు. ఇప్పుడున్న లోతులోనే చిన్న మోటారుతో, ఒకేసారి గంటల కొద్దీ కాకుండా విడతలుగా తోడండి. డ్రిప్ లేకపోతే పెట్టించండి. వానాకాలంలో తోటలో పడిన నీళ్లు బయటికి పోకుండా చెట్ల మధ్య గట్లు వేసి అక్కడే ఇంకించండి. పైన మంచినీటి మట్టం ఎంత పెరిగితే కింద ఉప్పు అంత వెనక్కి పోతుంది. ఆ డబ్బు లోతుకు దించడానికి బదులు ఈ జూన్ లోపు మొదటి పరీక్షకు పెట్టండి.